ఆడి నెల పిలుపు

గుడియాత్తం,
తై నెల

చిన్నమ్మకు సుమిత నమస్కారాలు.

బాగున్నానని రాద్దామంటే చెయ్యి రావడం లేదు. బాగాలేనని రాస్తే మీరు మొదటి బస్సుకే వచ్చి మా వీధిలో నిలబడతారు. కాబట్టి రెంటికీ మధ్యన ఉన్నాననుకోండి.

ఫోను ఉండగా ఈ పిల్ల ఉత్తరం ఎందుకు రాస్తోందని మీకు అనుమానం వస్తుంది. మా ఇంట్లో ఫోనంటే వీధి కొళాయి. ఎవరైనా వచ్చి తిప్పుకోవచ్చు. నేను మాట్లాడుతుంటే ఆయన "స్పీకర్ పెట్టు, నేను గూడా పలకరిస్తా" అంటాడు. మెసేజి పెడితే మీ మనవరాలు యోగిత నాకంటే ముందు చదువుతుంది. ఉత్తరానికి ఆ బాధ లేదు. ఈ ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళం నలుగురం, చదివేది నేనొక్కదాన్నే. ఆయనకూ యోగితకూ తెలుగు అక్షరాలు రావు, తమిళమే చదువుతారు. మా అత్తకు ఏ అక్షరమూ రాదు, పేపరు కూడా ఆయన చదివి వినిపించాల్సిందే. వేసవి సెలవుల్లో మీరు నా చెవి మెలిపెట్టి నేర్పిన తెలుగు ఇన్నాళ్ళకు తాళం కప్పలా పనికొచ్చింది. మీ జవాబును కిటికీలో పెట్టేసి మిద్దె మీదికి బట్టలు తీయడానికి పోయినా నాకు బెంగ ఉండదు.

సంగతి ఏమిటంటే, నాకు నర్సింగ్ చదవాలని ఉంది.

నవ్వకండి. మీ ఊరి చివర ఉండే చిన్న నర్సింగ్ స్కూల్లో రెండేళ్ళ కోర్సు ఉందట. ప్లస్ టూ ఏ గ్రూపుతో చదివినా పరవాలేదట, ముప్పై అయిదు దాటకూడదట. నాకు ముప్పై నాలుగు. ఈ ఏడాది తప్పితే ఇక లేదు.

మామను మంచంలో మూడేళ్ళు చూసుకున్నాను. మామ పోయాక అత్త కాలి బొటనవేలికి షుగరు పుండు. రోజూ కడిగేదీ కట్టు కట్టేదీ నేనే. ఎవరైనా వచ్చి "మీ కోడలు ఏం చేస్తాది?" అని అడిగితే మాత్రం అత్త "ఊరికే ఇంట్లో ఉండాది" అంటుంది. ఆ మాట విని విని నాకు విసుగు పుట్టింది చిన్నమ్మా. ఎటూ చేస్తున్న పనే, సరిగ్గా నేర్చుకుని, దానికో పేరుండేలా చేయాలని ఉంది. ముప్పై ఏళ్ళు నర్సుగా చేశారు మీరు. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి. ఇంట్లో ఇంకా ఎవరికీ చెప్పలేదు.

మీ
సుమిత


వేలూరు,
మాసి నెల

సుమితకు,

నీకు ప్లస్ టూ అయినప్పుడు ఇదే మాట నేను చెప్పాను. అప్పుడు నీకు పెళ్ళి చూపుల హడావుడి. ఇప్పుడు, మీ అత్త చెంగమ్మ నీ చేత సేవలన్నీ చేయించుకోవడం అయ్యాక, నీకు గుర్తొచ్చింది. ముసలివాడికి దసరా పండగ అని నిన్ను అనను. నీకు ముసలితనం రాలేదు, బుద్ధే ఆలస్యంగా వచ్చింది.

సరే, వచ్చింది కదా, పోనివ్వకు. ఆ స్కూలు వాళ్ళు ముందొక చిన్న పరీక్ష పెట్టి, ఆ తర్వాత ఇంటర్వ్యూ చేస్తారు. ఇంగ్లీషు మర్చిపోయి ఉంటావు. రోజూ ఒక పేజీ పైకి చదువు, లోపల గొణిగితే రాదు. సైన్సుకు వేరే పుస్తకం కొనకు, యోగిత తొమ్మిదో తరగతి పుస్తకం చాలు. గుండె బొమ్మ చూడకుండా గీయడం వచ్చేదాకా నాకు ఉత్తరం రాయకు.

రోగి మంచం మీద ఉండగానే దుప్పటి మార్చడం నేర్చుకో. ఒక పక్కకు తిప్పి, పాత దుప్పటి చుట్టి, కొత్తది పరిచి, ఇవతలికి తిప్పాలి. మీ అత్త ఎటూ మంచం దిగదు కాబట్టి ఆమె మీదే నేర్చుకోవచ్చు. ఆ పుండు సంగతి కూడా విను. కట్టు ఎంత బాగా కట్టినా ఒట్టి కాళ్ళతో తిరిగితే మానదు. ఇంట్లో కూడా చెప్పులు వేసుకోవాలి. రోజూ చేతి అద్దం పట్టుకుని అరికాలు చూసుకోవాలి, షుగరు మనిషికి దెబ్బ తగిలినా నొప్పి తెలియదు. బెల్లం మానాలి. ఇవన్నీ చెప్పినా ఆమె వినదనుకో. ఆ మనిషికి చెప్పడం కంటే గోడకు చెప్పడం నయం. నీ పెళ్ళిలో కాఫీ చల్లారిందని నలుగురిలో నన్ను కడిగి ఆరేసిన మహారాణి కదా. ఆ రోజు నుంచీ నేను మీ గడప తొక్కలేదు, తొక్కను కూడా.

వరదమ్మ


గుడియాత్తం,
పంగుని నెల

చిన్నమ్మకు,

గుండె బొమ్మ వచ్చింది. ఎడమ కుడి తారుమారు చేసి పది సార్లు గీశాను. బొమ్మలో మన కుడి దానికి ఎడమ అవుతుందని యోగిత చెప్పేదాకా తెలియలేదు. "నీకెందుకమ్మా గుండె?" అంది. "ఊరికే" అన్నాను. చూశారా, ఆ మాట నా నోటికి కూడా అంటుకుంది.

ఇంగ్లీషుకు బజారు దగ్గర జయరామ్ మాస్టరు క్లాసులో చేరాను. ఇంట్లో మాత్రం కుట్టు మిషను క్లాసు అని చెప్పాను. లుంగీల అంగడి పెట్టినవాడి పెళ్ళాం కుట్టు నేర్చుకుంటే ఎవరూ అడ్డు చెప్పరు. ఆయన ఎంత సంబరపడ్డాడో చెప్పలేను, పాత మిషనుకు నూనె పోయించి మరీ పెట్టాడు. 

క్లాసులో అందరూ పద్దెనిమిది దాటని పిల్లలు. నన్ను ఆంటీ అంటారు. నేను ఇంగ్లీషులో ఒక వాక్యం మొదలుపెడితే, పాపం, నా కోసం అందరూ ఊపిరి బిగపట్టి కూర్చుంటారు. ఆ జాలి నాకు అక్కర్లేదు. ఎగతాళి చేసినా ఓర్చుకుంటాను.

ఇంట్లో వాళ్ళ బాధ ఇంకోటి. పుస్తకం తెరిస్తే చాలు, ఎవరికో ఏదో కావాలి. ఆయనకు టవలు కనబడదు. తలుపు వెనకాల అదే మేకుకు పదహారేళ్ళుగా వేలాడుతోంది.

అత్త ఈ మధ్య అర్థం కావడం లేదు. మీ ఉత్తరం వచ్చిన రోజు కాఫీ ఇస్తే గ్లాసు పట్టుకుని చూసి "చల్లగా ఉంటే చల్లగా ఉండాదనే చెప్తారు ఎవురైనా" అని పక్కన పెట్టేసింది. నేను అప్పుడే పొయ్యి మీంచి దించి పట్టుకొచ్చాను. ఆ సాయంత్రమే చెప్పులు అడిగింది. ఇంట్లో కూడా వేసుకుని టపటపా తిరుగుతోంది. మొన్న చూస్తే నా చేతి అద్దం పట్టుకుని అరికాలు చూసుకుంటోంది. "ఎవరు చెప్పారత్తా?" అంటే "గోడ చెప్పింది" అంది. ఆస్పత్రిలో డాక్టరు చెప్పి ఉంటాడు. నేను నెలల తరబడి మొత్తుకుంటే వినలేదు, డాక్టరు ఒక్క మాటంటే వింది. అదీ నా బతుకు.

దుప్పటి మార్చడం మాత్రం వచ్చింది. ఆవిడ కూడా తిప్పిన వైపుకల్లా తిరిగింది.

మీ
సుమిత


వేలూరు,
చిత్తిరై నెల

సుమితకు,

కుట్టు మిషను ఏమిటి? నీకు మతి ఉండే చేశావా? అబద్ధం చెబితే అతికినట్టు ఉండాలంటారు, నువ్వు సూదిలో దారం కూడా ఎక్కించలేవు. రేపు ఎవరైనా ఒక జాకెట్టు కుట్టిపెట్టమంటే ఏం చేస్తావు?

మీ ఆయన ధనశేఖర్‌కు చెప్పు. అతను చెడ్డవాడు కాదు. కాకపోతే దేన్నైనా "చూద్దాం" అని పక్కన పెట్టే రకం. కాబట్టి ఇప్పుడే చెబితే సీటు వచ్చేసరికైనా చూస్తాడు.

ఎవరికి చెప్పినా మీ అత్తకు మాత్రం చెప్పకు. అది బాగా గుర్తుంచుకో. ఆమె చెవిన పడితే గుడియాత్తంలో మొదలై పేర్ణాంబట్టు దాకా పాకుతుంది, కొడుకును కూర్చోబెట్టుకుని ఏడుస్తుంది, నీ చదువు అక్కడితో సరి. తనకు లేని చదువు కోడలికి ఉంటే ఏ అత్త ఓర్చుకుంటుంది? అక్షరం రాని మనిషికి చదువు విలువ ఏం తెలుస్తుంది?

దరఖాస్తు నేనే పోయి తెచ్చాను. ఇంకో కవరులో పంపుతున్నాను. నింపి వెంటనే పంపు. ఆలస్యం చేశావో, నేనే నీ సంతకం పెట్టేస్తాను.

వరదమ్మ


గుడియాత్తం,
ఆని నెల

చిన్నమ్మకు,

మీ నోట శని ఉన్నట్టుంది. వైకాసిలో మా ఊరి అమ్మవారి సిరసు పండగకు ఇల్లంతా చుట్టాలు దిగారు కదా. అందరి ముందూ అత్త తన పెట్టె తెరిచి ఒక జాకెట్టు గుడ్డ తీసి నా ఒళ్ళో వేసింది. "ఇన్ని నెలలుగా నేర్చుకుంటా ఉండావు గదమ్మా. నాకొక రవిక కుట్టిపెట్టు. తొందరేమీ లేదు, సావకాశంగా కుట్టు" అంది. నా మొహం ఎలా ఉందో నాకు తెలియదు. ఆయనైతే గర్వంగా చూస్తున్నాడు.

చుట్టాలు పోయాక ఎవరికీ కనబడకుండా మార్కెట్టు దగ్గర దర్జీకి ఇచ్చి కుట్టించాను. తెచ్చి ఇస్తే అటూ ఇటూ తిప్పి చూసి "బాగుండాదే. దర్జీ కుట్టినట్టే ఉండాది" అంది. అంతే. ఒక్కోసారి ఆవిడ నాతో ఆడుకుంటోందేమో అనిపిస్తుంది. అక్షరం రాని మనిషికి అంత తెలివి ఎక్కడిదిలే అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను.

నేను పరీక్షకు వచ్చినప్పుడు మీరు నన్ను చూశారు కానీ, లోపల జరిగింది చెప్పడానికి వీలు కాలేదు. గేటు దగ్గర వాచ్‌మన్ నన్ను ఆపి "పేరెంట్స్ అంగే ఉక్కారుంగమ్మా" అని తల్లిదండ్రుల బెంచీ చూపించాడు. నేను హాల్ టికెట్టు చూపిస్తే, అది నా కూతురిదనుకుని "పాప ఎక్కడ?" అన్నాడు. నేనే పాపనని చెప్పాల్సి వచ్చింది. పరీక్ష సరే. ఇంటర్వ్యూలో ఆ మేడం "ఇన్నేళ్ళు ఏం చేశారు?" అని ఇంగ్లీషులో అడిగింది. అన్నీ మర్చిపోయాను. ఊరికే ఉన్నానని మాత్రం చెప్పలేదు. మంచం మీద మనిషిని ఉంచి దుప్పటి ఎలా మార్చాలో వచ్చీ రాని ఇంగ్లీషులో చేతులతో చేసి చూపించాను.

ఆ రోజుకు ఇంట్లో తిరువలం గుడికి మొక్కు అని చెప్పాను. బయలుదేరుతుంటే అత్త "విభూతి మరచిపోవద్దు" అంది. పరీక్ష అయ్యాక నేను కాట్పాడి మీదుగా తిరువలం పోయి, విభూతి తీసుకుని, మళ్ళీ వెనక్కి వచ్చి గుడియాత్తం బస్సు ఎక్కాను. అబద్ధం చెప్పడానికి పడే పాటులో సగం పడితే నిజం చెప్పేయొచ్చు. అయినా చెప్పలేదు. ఆయన ముందు నోరు తెరుస్తాను, టవలు ఎక్కడ అంటాడు, నోరు మూసుకుంటాను.

మీ
సుమిత


వేలూరు,
ఆని నెలాఖరు

సుమితకు,

వచ్చింది. లిస్టులో నీ పేరు నా కళ్ళతో చూసి వచ్చాను. ఆ మేడం నన్ను గుర్తుపట్టి "ఆ దుప్పటి అమ్మాయి మీకు ఏమవుతుంది?" అని అడిగింది. నా అక్క కూతురని చెప్పాను. గర్వపడ్డాను. ఇంతకు మించి రాయను, నీ తలకెక్కుతుంది.

ఆడి పుట్టిన రెండో సోమవారానికల్లా హాస్టల్లో చేరాలి. చేరకపోతే సీటు తర్వాతి పేరుకు పోతుంది. వచ్చే ఏడాదికి నీ వయసు దాటుతుంది. ఇక దాచడానికి రోజుల్లేవు. ఈ ఉత్తరం మడిచి కింద పెట్టి నేరుగా అంగడికి పోయి మీ ఆయనకు చెప్పు.

వరదమ్మ


గుడియాత్తం,
ఆడి ఒకటో తారీఖు

చిన్నమ్మకు,

చెప్పాను. అయిపోయింది.

కోప్పడితే నేను కూడా పోట్లాడేదాన్ని. ఆయన నవ్వాడు. "మంచిదే గదా సుమితా. చదువు. కానీ ఆడిలో ఎవురన్నా కొత్త పని మొదులు పెడతారా? ఆవణి పుట్టనీ, చూద్దాం" అన్నాడు. ఆవణికి సీటు ఉండదన్నాను. "సీటు యాడికి పోతాది?" అన్నాడు. యాడికి పోతుందో చెప్పాను. అప్పుడు తల గోక్కుని "అది సరే, అమ్మ కాలు ఎవురు చూస్తారు?" అన్నాడు. పుండు మానిపోయి నెల దాటింది. ఆ మాటా చెప్పాను. "మళ్ళా వస్తే?" అన్నాడు. 

ఆడి అట, శూన్యమాసమట. ఆడి నెలంతా అంగడి ముందు ఆడి తళ్ళుబడి అని ఇంత బోర్డు కట్టి, ధర తగ్గించి, మామూలుగా అమ్మే దానికి రెండింతలు లుంగీలు అమ్ముతాడు. బేరానికి పనికొచ్చే నెల పెళ్ళాం చదువుకు పనికిరాదు. ఆ మాట అక్కడే అనాల్సింది. బస్సు పోయాక చెయ్యి ఎత్తినట్టు ఇప్పుడు గుర్తొస్తోంది.

ఇదంతా అత్త మంచం పక్కనే జరిగింది. ఆవిడ అంతా విన్నది. నాకు కాలు బాగుందిరా, పంపించు అని ఒక్క మాట అంటే చాలు కదా. అనలేదు. అరికాలు చూసుకుంటూ కూర్చుంది. ఆ కాలు నేను ఎన్ని వందల సార్లు కడిగానో. కన్నీళ్ళు ఆగలేదు నాకు. లేచి పెరట్లోకి పోయాను.

ఇక వద్దు చిన్నమ్మా. ఆ సీటు ఎవరో పద్దెనిమిదేళ్ళ పిల్లకు పోనీ. ఆ పిల్లకైనా పనికొస్తుంది. మీరు వచ్చి గొడవ పెట్టుకోకండి, మిమ్మల్ని ఒక మాటంటే నేను పడలేను. యోగిత సైన్సు పుస్తకం యోగితకు ఇచ్చేశాను.

సుమిత


గుడియాత్తం,
ఆడి నెల

వరదమ్మ వదినెకు చెంగమ్మ రాసేది.

అదిరిపడొద్దండి, రాసేది నేనే. అక్షరాలు వంకర పోతాండాయి, సర్దుకోని చదువుకోండి. నాకు తమిళంలో విలాసం రాయను రాదు. అందుకే మీరు పంపిన పాత కవరు మీద ఉండే మీ విలాసం కత్తిరించి, అన్నం మెతుకుతో దీనిమీద అతికించి, పాలామెతో పోస్టు పెట్టెలో వేయిస్తాండా.

నేను వి.కోటలో అయిదో తరగతి దాకా తెలుగు బళ్ళో చదివినా. ఈ ఇంటికి కోడలై వచ్చినప్పుడు బస్సు మీద ఊరి పేరు చదవలేకపోయినా. అంతా తమిళమే గదా. "పిల్లకు అక్షరం రాదు" అనేసినారు. నాకు తెలుగొస్తాదని చెప్పి ఏం చేసేది? ఈ ఊళ్ళో తెలుగు మాట్లాడేవాళ్ళు వీధి వీధికీ ఉండారు, తెలుగు కాగితం ఒకటి లేదు. ఊరుకున్నా. ఊరుకోని ఊరుకోని అదే నిజమైపోయింది. నా కొడుక్కే తెలవదు.

మీ మొదటి ఉత్తరాన్ని సుమిత నా మంచం పక్క కిటికీలో పెట్టి మిద్దెమీదికి పోయింది. నలభై ఏండ్లయినాక తెలుగు అక్షరం కండ్లబడింది వదినే, చేతులు ఊరుకుంటాయా? ఇంకొకరి ఉత్తరం చదివేది తప్పని నాకూ తెలుసు. నాలుగు ముక్కలు చూసి పెట్టేద్దామనుకున్నా. చూస్తే అందులో నా పేరుండాది. నా పేరుంటే నా ఉత్తరమే గదా. దాని తరవాత ఏ ఒక్కటీ వదల్లేదు. సుమిత సగం రాసి లేచిపోయినవి గూడా.

గోడకు చెప్పేది నయమన్నారు. మీరు చెప్పినట్టు చెప్పులు వేసుకున్నా, అద్దంలో అరికాలు చూసుకున్నా, బెల్లం మానేసినా. గోడ చేస్తుందా ఇవన్నీ? పుండు మానిందంటే సగం సుమిత చేతి పని, సగం మీ ఉత్తరాల పని. అది ఒప్పుకుంటా. కానీ ఆ పొద్దు పెండ్లిలో కాఫీ చల్లగానే ఉండాది. అది మాత్రం ఎన్నేండ్లయినా మార్చి చెప్పను.

నాకు ఎక్కడ నొప్పి పుట్టిందో చెప్తా. అక్షరం రాని మనిషికి చదువు విలువ ఏం తెలుసునని రాసినారు. అందరికీ చెప్పు, ఆమెకు మాత్రం చెప్పొద్దని రాసినారు. నా కోడలు మీ మాట విన్నాది. ఆరు నెలలు నా మంచం పక్కన కూర్చోని గుండె బొమ్మలు గీసింది, నన్ను ఒక్క మాట అడగలేదు. రవిక గుడ్డ ఇచ్చినా, అప్పుడన్నా చెప్తాదేమో అని. విభూతి అడిగినా, అప్పుడన్నా చెప్తాదేమో అని. తిరువలం పోయి విభూతి తెచ్చిందే గానీ నిజం చెప్పలేదు. అడగందే అమ్మయినా పెట్టదంటారు, అత్త పెడుతుందా? మొన్న ధనశేఖర్ నా కాలు అడ్డం పెట్టుకోని మాట్లాడినప్పుడు గూడా అందుకే నోరు తెరవలేదు. ఇప్పుడన్నా నా పక్క తిరిగి "అత్తా, మీరు చెప్పండి" అంటాదని చూసినా. అనలేదు. పెరట్లోకి పోయి ఏడ్చింది. ఆ ఏడుపు నాకు వినబడింది. వినబడినాక ఇంక పంతం యాడ నిలుస్తాది?

నిన్న కొడుకును పిలిచినా. "ఆడి మంచిది కాకుంటే అంగడి మూసిపెట్టి ఆవణిలో తెరువు" అన్నా.  "సుమిత పోయేది కొత్త పనికి కాదురా, పుట్టింటికి పోతా ఉండాది. ఆడిలో కోడల్ని పుట్టింటికి పంపేది మన ఆనవాయితీ గదా" అన్నా. "అది కొత్త పెండ్లికూతురికి గదమ్మా" అన్నాడు. "సుమితకు పెండ్లయిన ఏడు ఆడికి పిలవను ఎవురూ రాలేదు. తల్లి లేని పిల్ల. ఆ పిలుపు అట్లే నిలిచిపోయి ఉండాది, ఇప్పుడు వస్తాది" అన్నా. "ఎన్నాళ్ళుంటాది?" అన్నాడు. "వాళ్ళు పంపినప్పుడు వస్తాది" అన్నా. నా కాలు ఎవురు చూస్తారని మళ్ళా అడిగినాడు. అద్దం చూపించినా.

కాబట్టి మీరు రావాల. శుక్రవారం పొద్దున్నే చీరె, పసుపు కుంకుమ, పండ్లు తట్టలో పెట్టుకోని పుట్టింటివాళ్ళు వచ్చినట్టు వచ్చి, నలుగురూ చూస్తా ఉండంగా మా కోడల్ని పిలుచుకోని పోండి. మా గడప తొక్కనన్నారు. తొక్కాల్సిందే. మీరు రాకుంటే నా మాట పోతాది.

సుమితకు ఏమీ చెప్పలేదు. నా దగ్గర అన్ని నెలలు దాచింది గదా, నాలుగు రోజులు నేను గూడా దాస్తా.

చెంగమ్మ


వేలూరు,
ఆడి నెల

చెంగమ్మ వదినకు వరదమ్మ నమస్కారాలు.

మీ ఉత్తరం మూడు సార్లు చదివాను. వార్డులో పెద్ద డాక్టర్లకు కూడా జంకని దాన్ని, మీకు ఏం రాయాలో తోచక రెండు కాగితాలు చించేశాను. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడు ఉంటాడంటారు. ఉన్నారు.

శుక్రవారం వస్తున్నాను. తట్టతోనే వస్తాను. చీర ఆకుపచ్చది తీసుకున్నాను, సుమితకు నప్పుతుంది. మీకూ ఒకటి తీసుకున్నాను, వద్దనకండి.

కాఫీ మీ ఇంట్లోనే తాగుతాను. చల్లగా ఉంటే మాత్రం చెబుతాను.

వరదమ్మ


గుడియాత్తం,
ఆవణి నెల

సుమితకు మీ అత్త చెంగమ్మ రాసేది.

నువ్వు విలాసాలు రాసిపెట్టి పోయిన కవర్లలో ఇది మొదటిది. నువ్వు పోయి నెల కావస్తాండాది. మొగునికి ఆదివారం ఆదివారం ఫోను. మీ చిన్నమ్మకు రెండు ఉత్తరాలు రాసినావంట, ఆమే ఫోనులో చెప్పింది, గొప్పగా. నాకు ఏదీ? ఆరు నెలలు దాచిపెట్టి రాసినావు, ఇప్పుడు నేను చదువుతానని తెలిసినాక రాసేదే మానేసినావా? ఇదేం న్యాయమమ్మా?

ఇక్కడ అంతా నడస్తా ఉండాది. యోగిత అద్దం పట్టుకుంటే నేను అరికాలు చూసుకుంటాండా. పుండు లేదు. నీ మొగుడు టవలు తానే వెతుక్కోని తానే తీసుకుంటాండాడు. మొదటి రెండు రోజులు ఇల్లంతా తిరిగినాడు పాపం, నేను చెప్పలేదు. ఆవణి పుట్టినాక "పుట్టింటి నుంచి ఎప్పుడు వస్తాదమ్మా?" అని అడిగినాడు. "ఇంకా పంపలేదురా వాళ్ళు" అన్నా. నవ్వినాడు. వానికి అంతా తెలుసులే.

పక్కింటామె వచ్చి "మీ కోడలు ఏం చేస్తాది?" అని అడిగింది. "వేలూరులో నర్సు చదువుతాండాది" అని చెప్పినా. నీ ముందర ఎప్పుడూ ఊరికే ఉండాదనే చెప్పినా గదా. అది నీకు ఎంత నొప్పి పుట్టించిందో ఉత్తరంలో చదివినాకే తెలిసింది నాకు.

ఆ పిల్లలు ఇంకా ఆంటీ అంటారా? అననీ. నువ్వు చదువు. దుప్పటి ఎట్ల మార్చాలో వాళ్ళకు నువ్వే చూపించు. ఏమేం నేర్పిస్తాండారో అంతా నాకు రాయి, ఒక్కటి గూడా వదలొద్దు. కవరు మీద ధనశేఖర్ పేరు వేయొద్దు, నా పేరే వేయి. ఈ ఇంట్లో నా పేరు మీద వచ్చిన ఉత్తరం ఇంతవరకు మీ చిన్నమ్మది ఒక్కటే. వానికి రాసినా మళ్ళా నా దగ్గరికే తెచ్చి ఇస్తాడు చదివి చెప్పమని. ఈ ఇంట్లో తెలుగు చదివేది ఇప్పుడు నేనొక్కదాన్నే.

చెంగమ్మ